వాయిదా వేరు, మాఫీ వేరు: కరోనా ఏళ్లలో పేద దేశాల అప్పులు, మతసంస్థల వాదన

2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మారటోరియం ప్రకటించింది. మూడు నెలలు కంతు కట్టకపోయినా బ్యాంకువాళ్లు అడగరన్న మాట కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఊరూరా పాకింది. అడగకపోవడం నిజమే. కానీ ఆ మూడు నెలల వడ్డీ ఎక్కడికీ పోలేదు, వచ్చి అసలులో కలిసింది. స్టేట్ బ్యాంకు అప్పట్లో తానే ఒక లెక్క చెప్పింది. 30 లక్షల ఇంటి అప్పుకి ఇంకా 15 ఏళ్ల గడువు ఉన్నవాళ్లు మూడు కంతులు ఆపుకుంటే అదనంగా పడే వడ్డీ సుమారు 2.34 లక్షలు, అంటే ఎనిమిది కంతులంత. తరువాత మారటోరియాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించారు. వడ్డీ మీద వడ్డీ గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఆరు నెలలకు చక్రవడ్డీ వేయకూడదని 2021 మార్చి 23న కోర్టు తేల్చింది. బారువడ్డీ మాత్రం కట్టాల్సిందే.

రిజర్వు బ్యాంకు ప్రకటన వచ్చిన మూడు వారాలలోపే, ఏప్రిల్ 15న, జీ20 దేశాలు సరిగ్గా ఇలాంటి పనే 73 పేద దేశాల విషయంలో చేశాయి. దానికి మూడు రోజుల ముందు, ఈస్టర్ ఆదివారం నాడు, పోప్ ఫ్రాన్సిస్ ఖాళీగా ఉన్న సెయింట్ పీటర్స్ బసిలికా నుంచి మాట్లాడుతూ అత్యంత పేద దేశాల అప్పును మాఫీ చేయండి, లేదంటే తగ్గించండి అని అడిగారు. ఆయన అడిగినందుకే జీ20 కదిలిందనుకుంటే పొరపాటు. ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) మార్చి 25నే వాయిదా ప్రతిపాదన పెట్టాయి. చూడాల్సింది అడిగినదానికీ ఇచ్చినదానికీ ఉన్న తేడాని. మాఫీ అడిగితే వాయిదా వచ్చింది. ఈ రెంటి తేడా ఏమిటో సీమ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు గానీ, దేశాల స్థాయికి వచ్చేసరికి ఆ లెక్క ఎన్నో పేర్ల వెనక దాగిపోతుంది. దాన్ని విప్పి చూడటానికే ఈ వ్యాసం.

ఒక దేశానికి మూడు రకాల అప్పులోళ్లు

అనంతపురం జిల్లాలో ఏడెనిమిది ఎకరాల మెట్ట మీద వేరుశనగ వేసే రైతు అప్పులు సాధారణంగా మూడు చోట్ల ఉంటాయి. బ్యాంకులో పాస్‌బుక్కు మీద పంటరుణం, సొసైటీలోనో బంగారం కుదువ పెట్టో తెచ్చింది ఇంకొంత, అవి చాలక ఊళ్లోనో మండీలోనో నోటు రాసిచ్చి తెచ్చింది మరికొంత. మూడింటికీ వడ్డీ వేరు, అడిగే తీరు వేరు, ఆలస్యమైతే జరిగేది వేరు.

దేశాల సంగతీ ఇంతే. మొదటి రకం అప్పు ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థలది. వడ్డీ తక్కువ, షరతులు ఎక్కువ, అందరికంటే ముందు వీళ్లకే కట్టాలనే ఆనవాయితీ ఉంది. రెండో రకం ప్రభుత్వాలు ప్రభుత్వాలకిచ్చేది. పాత సంపన్న దేశాలు 1956 నుంచి పారిస్ క్లబ్ అనే వేదికలో కూర్చుని ఇలాంటి బాకీల సంగతి తేల్చుకునేవి. చైనా ఆ క్లబ్‌లో సభ్యదేశం కాదు, కానీ ఈ శతాబ్దంలో ఆఫ్రికాకు పెద్ద ఎత్తున అప్పిచ్చిన దేశం అదే. మన దేశమూ అప్పిచ్చినవాళ్ల వరుసలో ఉంది. 2023లో శ్రీలంక బాకీలు తేల్చిన కమిటీకి జపాన్, ఫ్రాన్స్‌లతో పాటు భారత్ సహాధ్యక్షత వహించింది.

మూడో రకం ప్రైవేటు అప్పు. ఇందులో బ్యాంకులు, సరుకుల వ్యాపార కంపెనీలు ఉంటాయి, అన్నిటికన్నా ముఖ్యంగా బాండ్లు ఉంటాయి. బాండు అంటే దేశం రాసిచ్చిన ప్రాంసరీ నోటు అనుకోండి. తేడా ఒకటే. ఊళ్లో నోటు ఎవరి పెట్టెలో ఉందో తెలుస్తుంది, వెళ్లి కాళ్లావేళ్లా పడొచ్చు. బాండు ఈ రోజు ఒకరి దగ్గర, రేపు మరొకరి దగ్గర. లండన్‌లో పింఛను నిధి కొన్నది న్యూయార్క్‌లో మరో నిధి చేతికి పోతుంది. అప్పు తీసుకున్న దేశానికి ఎవరితో మాట్లాడాలో కూడా వెంటనే తెలియదు.

పైగా ఈ అప్పు డాలర్లలో ఉంటుంది. ఆఫ్రికా దేశం జాంబియా కరెన్సీ క్వాచా 2020 మొదట్లో డాలరుకు 14 దగ్గర ఉండి, ఏడాది చివరికి 21 దాటింది. ఒక్క డాలరు కూడా కొత్తగా తేకుండానే ఆ దేశం అప్పు సొంత డబ్బు లెక్కలో ఏడాదిలో సగం పెరిగింది. మన దగ్గర దీనికి పోలిక చెప్పాలంటే, రూపాయల్లో తెచ్చిన అప్పును ఆ రోజు బంగారం ధర ప్రకారం తీర్చమన్నట్టు.

జీ20 ఇచ్చింది ఏమిటి

ఆ పథకం పేరు డీఎస్‌ఎస్‌ఐ, అంటే రుణ చెల్లింపుల నిలిపివేత. 2020 మే 1 నుంచి మొదలై, రెండుసార్లు పొడిగించాక 2021 డిసెంబరుతో ముగిసింది. అర్హత ఉన్న 73 దేశాల్లో 48 చేరాయి. ఆగిన చెల్లింపులు మొత్తం 1,290 కోట్ల డాలర్లు.

షరతు చూడండి. 2020లో ఆపిన డబ్బును ఒక ఏడాది విరామం తరువాత మూడేళ్లలో తీర్చాలి. అప్పిచ్చిన దేశానికి నేటి విలువలో నష్టం ఉండకూడదు, అంటే ఆగిన కాలానికీ వడ్డీ పడుతుంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక దేశం 2020లో కట్టాల్సిన 90 కోట్ల డాలర్లు ఆగాయనుకోండి. 2022, 2023, 2024లలో ఏటా 30 కోట్లు, దాని మీద వడ్డీ కట్టాలి. ఆ ఏళ్లలో మామూలుగా వచ్చే కంతు కూడా 90 కోట్లే అయితే ఇప్పుడది 120 కోట్లు దాటుతుంది. ఆ మూడేళ్లూ ఎలాంటివి? ఉక్రెయిన్ యుద్ధంతో గోధుమలు, ఎరువులు, చమురు మండిపోయాయి. అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగి డాలరు బలపడింది. జబ్బు నాటి కంతు కరువు నాటికి వచ్చి పడింది.

రెండో లోపం ఇంకా పెద్దది. ఆపింది ప్రభుత్వాలు మాత్రమే. ప్రపంచ బ్యాంకు తన కంతులు ఆపలేదు. ఆపితే తన రేటింగు, అంటే అప్పుల బజారులో తన పరపతికిచ్చే మార్కు, దెబ్బతిని, రేపు పేద దేశాలకిచ్చే అప్పే ఖరీదవుతుందని, దానికి బదులు కొత్త డబ్బు ఎక్కువ ఇస్తానని వాదించింది. ఆ వాదనలో కొంత పస ఉంది. ప్రైవేటు అప్పులోళ్లను మాత్రం జీ20 'కోరింది', అంతే. చివరికి ఈ పథకంలో చేరిన ప్రైవేటు సంస్థ ఒకే ఒక్కటి.

ఇలా జరిగితే ఏమవుతుందో సీమకు బాగా తెలుసు. బ్యాంకు కంతు ఆగినప్పుడు చేతిలో మిగిలిన డబ్బు ఇంటికి చేరదు, నోటు పట్టుకుని వాకిట్లో కూర్చున్నవాడికి చేరుతుంది. 2008 కేంద్ర రుణమాఫీలోనూ ఇదే జరిగింది. బ్యాంకులు, సహకార సంఘాల అప్పులకే అది వర్తించింది, ప్రైవేటు నోట్లను తాకలేదు. అయిదెకరాల లోపు వారికి పూర్తి మాఫీ, పైవారికి 75 శాతం కడితే 25 శాతం తగ్గింపు. నీళ్లున్న చోట అయిదెకరాలంటే ఆసామి. అనంతపురం మెట్టలో పదెకరాలున్నా ఆ ఏడు వాన రాకపోతే విత్తనం ఖర్చు కూడా రాదు. ఈ మొర వినిపించాకే కరువు పీడిత జిల్లాల్లో పెద్ద రైతులకు 25 శాతం లేదా 20,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అని సవరించారు.

దేశాల విషయంలోనూ గీత గీసిన చోటే చిక్కు వచ్చింది. తలసరి ఆదాయం చూసి 73 దేశాలను ఎంచడంతో శ్రీలంక లాంటి మధ్య ఆదాయ దేశం జాబితా బయట ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో అది విదేశీ అప్పుల చెల్లింపు ఆపేయాల్సి వచ్చింది.

నిజంగా మాఫీ అనదగ్గది ఆ ఏడాది ఒకటి జరిగింది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఐఎంఎఫ్‌కు సీసీఆర్‌టీ అనే నిధి ఉంది. 2020 ఏప్రిల్ 13న 25 దేశాలతో మొదలుపెట్టి, 2022 ఏప్రిల్ దాకా 31 దేశాలు తనకు కట్టాల్సిన కంతులను ఈ నిధి నుంచే గ్రాంటుగా కట్టించింది. అది తిరిగి కట్టనక్కరలేని డబ్బు. మొత్తం 96 కోట్ల డాలర్ల పైచిలుకు. దాతల చందాలతో నడిచే నిధి కాబట్టి ఇంతకు మించి సాగలేదు.

సునాదం, జకాత్, దామ్‌దుపట్

మతసంస్థలకు అంతర్జాతీయ అప్పుల్లో ఏం పని అని అడిగేవాళ్లకు ఒక జవాబు వాళ్ల గ్రంథాల్లోనే ఉంది. నంద్యాల, గుత్తి, జమ్మలమడుగు ప్రాంతాల్లో తరతరాలుగా చదువుతున్న తెలుగు బైబిల్లో జూబ్లీని 'సునాదం' అన్నారు, పొట్టేలు కొమ్ము బూర ఊది చాటే సంవత్సరం కనుక. లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం యాభయ్యో ఏట అమ్ముకున్న పొలం పాత కుటుంబానికి తిరిగి రావాలి, అప్పుకి అమ్ముడుపోయిన మనిషి ఇంటికి పోవాలి. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ఇంకా దగ్గరి గడువు పెట్టింది, ఏడేళ్లకోసారి బాకీ వదిలేయాలంది.

మాఫీ చేస్తే రేపు ఎవరూ అప్పివ్వరనే అభ్యంతరం కూడా అంత పాతదే. ఏడో ఏడు దగ్గరపడుతోందని పేదవాడికి చెయ్యి బిగించొద్దని ఆ అధ్యాయమే హెచ్చరిస్తుంది. అయినా బిగించారు. దాంతో సుమారు రెండు వేల ఏళ్ల కిందట హిల్లెల్ అనే యూదు పెద్ద 'ప్రోస్‌బుల్' అనే పత్రం తెచ్చాడు. బాకీని న్యాయస్థానానికి అప్పగించినట్టు రాసుకుంటే ఏడో ఏటా వసూలు చేసుకోవచ్చు. పేదలకు అప్పు పుట్టడం కోసం మాఫీకి ఆయన వేసిన కిటికీ అది. ఇవాళ ఆర్థిక మంత్రులు ఆడుతున్న మాటలన్నీ ఆ ఒక్క పత్రంలో ఉన్నాయి.

ఖురాన్ రెండో అధ్యాయం 280వ వాక్యం, బాకీదారు ఇబ్బందిలో ఉంటే తేరుకునేదాకా గడువివ్వమంటుంది, వదిలేస్తే మీకు ఇంకా మేలు అంటుంది. వాయిదా, మాఫీ రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి, ఏది మిన్నో కూడా చెప్పింది. కడప, కర్నూలు ఇళ్లలో రంజాన్ నెలలో జకాత్, అంటే విధిగా ఇవ్వాల్సిన దానం, లెక్క వేసేవాళ్లకు తెలుసు, ఆ డబ్బు చెందాల్సిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవాళ్లూ ఒకరు.

హిందూ ధర్మశాస్త్రం వేరే దారి పట్టింది. మాఫీ సంవత్సరం పెట్టలేదు, వడ్డీకి కప్పు వేసింది. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెప్పింది. దీన్నే దామ్‌దుపట్ అన్నారు. అర్థశాస్త్రం నూరు పణాలకు నెలకు పణంబావు వడ్డీని ధర్మమంది, అంటే ఏడాదికి 15 శాతం.

దామ్‌దుపట్ ఎందుకు ముఖ్యమో నోటు తిరగరాసే లెక్కలో తెలుస్తుంది. ప్రాంసరీ నోటుకు చట్టప్రకారం మూడేళ్ల కాలపరిమితి. అందుకే మూడేళ్లు నిండకముందే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే మూడేళ్లకు వడ్డీ 72,000. కొత్త నోటు 1,72,000కి. ఇంకో మూడేళ్లకు దాని మీద వడ్డీ 1,23,840. ఆరేళ్లకు బాకీ 2,95,840. దామ్‌దుపట్ స్ఫూర్తి ప్రకారమైతే అది 2,00,000 దగ్గర ఆగిపోవాలి. దేశాలు పాత బాండు తీర్చడానికి కొత్త బాండు అమ్మడమూ నోటు తిరగరాయడమే. వాళ్లకు దామ్‌దుపట్ లేదు.

ప్రార్థనలే కాదు, లెక్కలు కూడా

1990లలో బ్రిటన్‌లో మొదలైన జూబ్లీ 2000 ఉద్యమానికి పేరు ఆ సునాదం నుంచే వచ్చింది. 1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో జీ8 సమావేశం చుట్టూ సుమారు 70,000 మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. 2 కోట్ల 40 లక్షల సంతకాలు పోగయ్యాయి. అప్పుల్లో మునిగిన పేద దేశాల కోసం 1996లో నత్తనడకన మొదలైన హెచ్‌ఐపీసీ పథకం 1999లో విస్తరించింది, 2005లో ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు తమ బాకీలు కూడా రద్దు చేసే పథకం వచ్చింది. ఇప్పటికి 37 దేశాలకు 10,000 కోట్ల డాలర్లకు పైగా ఊరట దొరికింది. ఇది నిజమైన మాఫీ.

కరోనా రాగానే ఈ పాత బలగమే మళ్లీ లేచింది. అమెరికాలో జూబ్లీ యూఎస్‌ఏ నెట్‌వర్క్, ఎరిక్ లికాంట్ నాయకత్వంలో, చర్చిలను, యూదు సమాజాలను, ఇతర మతసంస్థలను కలుపుకుని పనిచేసింది. ప్రపంచ చర్చిల మండలి, లూథరన్ ప్రపంచ సమాఖ్య, రిఫార్మ్‌డ్ చర్చిల ప్రపంచ సమాఖ్య, కౌన్సిల్ ఫర్ వరల్డ్ మిషన్ కలిసి 2020లో జీ20కి లేఖ రాసి విదేశీ అప్పుల రద్దు కోరాయి. కడప కేంద్రంగా ఉన్న రాయలసీమ డయోసిస్ ఏ సంఘంలో భాగమో ఆ దక్షిణ ఇండియా సంఘం, సీఎస్‌ఐ, ఈ ప్రపంచ చర్చిల మండలిలో సభ్యురాలే. ఇక్కడి ఆదివారం ఆరాధనకు, ఆ లేఖకు ఇంతపాటి బంధుత్వం ఉంది.

వీళ్లు గట్టిగా పట్టుకున్న ఇంకో సంగతి ఎస్‌డీఆర్. ఐఎంఎఫ్ తన సభ్యదేశాలకు ఖాతాలో వేసే ఒక రకం నిల్వ అది. ఏ దేశమైనా దాన్ని మరో దేశానికిచ్చి డాలర్లుగా మార్చుకోవచ్చు. అప్పు పత్రం ఉండదు, గడువు ఉండదు, మార్చుకున్న దాని మీద చిన్న వడ్డీ మాత్రం ఉంటుంది. 2020లో అమెరికా ఒప్పుకోలేదు. ప్రభుత్వం మారాక ఒప్పుకుంది. 2021 ఆగస్టు 23న 65,000 కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు వచ్చాయి. కానీ పంపకం కోటాల ప్రకారం జరుగుతుంది, కోటా ఆర్థిక బలాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి అత్యల్ప ఆదాయ దేశాలన్నిటికీ కలిపి వచ్చింది 2,100 కోట్ల డాలర్లే. భారత్ ఒక్కదానికే సుమారు 1,786 కోట్లు వచ్చాయి. పెళ్లి విందులో అడుగున కూర్చున్నవాళ్లకు గిన్నె అడుగు మిగిలినట్టయింది.

ఐఎంఎఫ్ బంగారం అమ్మమనేది మరో డిమాండు. వినడానికి వింతగా ఉన్నా అదివరకు జరిగిందే. 2009, 2010లలో ఐఎంఎఫ్ 403 టన్నులు అమ్మింది. అందులో 200 టన్నులు కొన్నది మన రిజర్వు బ్యాంకే, 670 కోట్ల డాలర్లకు. ఆ అమ్మకంలో అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చిన లాభాన్ని తరువాత పేద దేశాలకిచ్చే తక్కువ వడ్డీ అప్పుల నిధికి మళ్లించారు. ప్రొద్దుటూరు బజారులో ధర పెరిగినప్పుడు పాత నగ అమ్మి అప్పు తీర్చే ఇల్లాలి లెక్కే ఇది.

జాంబియా చెప్పే పాఠం రెండువైపులది

మాఫీ పనిచేస్తుందా అని అడిగేవాళ్లు జాంబియాను చూడాలి, పనిచేయదని వాదించేవాళ్లూ జాంబియానే చూపిస్తారు. 2005లో హెచ్‌ఐపీసీ దశలు పూర్తిచేశాక 700 కోట్ల డాలర్లకు పైగా ఉన్న ఆ దేశ ప్రభుత్వ విదేశీ బాకీ వంద కోట్ల లోపుకి దిగింది. 2006 ఏప్రిల్‌లో పల్లె ఆసుపత్రుల్లో ఫీజులు ఎత్తేశారు. ఆ రెంటికీ సంబంధం ఉంది. రాజధాని లుసాకాలోని జెస్విట్ (క్యాథలిక్ సన్యాసుల) కేంద్రం జేసీటీఆర్ జూబ్లీ ఉద్యమాన్ని అక్కడ నడిపింది, నెలనెలా ఒక కుటుంబానికి తిండి, ఇల్లు, బొగ్గు ఎంతవుతుందో లెక్కగట్టి ప్రచురిస్తూ వచ్చింది.

అప్పు తగ్గిన దేశానికి మార్కెట్ తలుపు తెరుచుకుంది. రాగి ధర బాగున్న ఆ రోజుల్లో జాంబియా 2012లో 75 కోట్లు, 2014లో 100 కోట్లు, 2015లో 125 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. చైనా నుంచి రోడ్లకు, విద్యుత్తుకు వేరే అప్పులు తెచ్చింది. రాగి పడిపోయింది, కరోనా వచ్చింది. ఆరు నెలలు వడ్డీ ఆపమని బాండుదారులను అడిగితే, మేం వదులుకున్న డబ్బు చైనా బ్యాంకులకు పోదని నమ్మకమేమిటి, లెక్కలు చూపించండి అన్నారు. చైనా వైపు భయమూ ఇలాంటిదే, తాము వదులుకున్నది బాండుదారులకు పోతుందని. 2020 నవంబరు 13న 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక జాంబియా ఎగవేతదారు అయింది. ఒక మనిషికి నలుగురు అప్పులోళ్లుంటే, వాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టే పెద్దమనిషి లేనప్పుడు జరిగేది ఇదే.

యాదృచ్ఛికంగా అదే రోజు జీ20 'కామన్ ఫ్రేమ్‌వర్క్' అనే కొత్త పంచాయితీ పద్ధతిని ప్రకటించింది. పారిస్ క్లబ్, చైనా, భారత్ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి, ప్రభుత్వాలు ఎంత వదులుకుంటే ప్రైవేటువాళ్లూ అంత వదులుకోవాలి. చాద్, ఇథియోపియా, జాంబియా 2021 మొదట్లో దరఖాస్తు చేశాయి. జాంబియాకు 630 కోట్ల డాలర్ల ప్రభుత్వ అప్పుల మీద ఒప్పందం 2023 జూన్‌లో కుదిరింది. ఆ నవంబరులో బాండుదారులతో కుదిరిన బేరాన్ని, వాళ్లు తగినంత వదులుకోలేదని ప్రభుత్వాల కమిటీ తోసిపుచ్చింది. చివరికి 300 కోట్ల డాలర్ల బాండ్ల మార్పిడి 2024 జూన్‌లో ముగిసింది. ఎగవేత నాటినుంచి మూడేళ్ల ఏడు నెలలు పట్టింది. ఈ ఆలస్యాల మీద చర్చించే రుణ రౌండ్‌టేబుల్ 2023 ఫిబ్రవరిలో భారత్ జీ20 అధ్యక్షతన బెంగళూరులో కూర్చుంది, అనంతపురం నుంచి బస్సెక్కితే నాలుగైదు గంటల దూరంలో.

ప్రైవేటువాణ్ని ఎవరు కట్టడి చేయగలరు

ప్రైవేటు అప్పును చట్టం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే వ్యాపారం కూలిపోతుంది అనే మాట తరచూ వినిపిస్తుంది. ఈ సీమకే ఆ అనుభవం ఉంది. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు తెచ్చిన అప్పులకు 1937 అక్టోబరు 1 దాకా బాకీ పడ్డ వడ్డీ మొత్తం రద్దు, అసలు మాత్రమే కట్టాలి. అప్పటికే అసలుకు రెట్టింపు ముట్టజెప్పి ఉంటే అప్పే తీరినట్టు. దామ్‌దుపట్‌నే చట్టం చేశారన్నమాట. అది షావుకారి నోట్లకూ వర్తించింది. అది సాధ్యమవడానికి కారణం, అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకే ప్రభుత్వం కింద ఉండటం.

జాంబియా పార్లమెంటు అలాంటి చట్టం చేసినా బాండుదారుకు పట్టదు. బాండ్ల ఒప్పందాల్లో చాలావరకు ఇంగ్లండ్ చట్టం కిందో న్యూయార్క్ చట్టం కిందో రాసి ఉంటాయి. అందుకే మతసంస్థలు లుసాకాలో కంటే లండన్‌లో, న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ్యుల దగ్గర ఎక్కువ చెప్పులు అరగదీశాయి. లండన్‌లో ఒకసారి గెలిచాయి. 1979లో జాంబియా రొమేనియా నుంచి ట్రాక్టర్లు, సేద్యపు యంత్రాలు సుమారు 1.5 కోట్ల డాలర్లకు అప్పుగా తెచ్చుకుంది. ఇరవై ఏళ్ల తరువాత ఆ పాత నోటును డొనెగల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ సుమారు 33 లక్షల డాలర్లకు కొని, 5.5 కోట్లు కట్టమని దావా వేసింది. 2007లో లండన్ కోర్టు సుమారు 1.55 కోట్లు ఇప్పించింది. మిగతా అందరూ మాఫీ చేసిన దేశం నుంచి, ఒకడు తాను పెట్టినదానికి దాదాపు అయిదింతలు రాబట్టే హక్కు పొందాడు. దీని మీద లేచిన ఆగ్రహంతోనే 2010లో బ్రిటన్ చట్టం చేసింది. హెచ్‌ఐపీసీ దేశాల పాత అప్పుల మీద ఎవరు దావా వేసినా, ఆ పథకంలో అందరూ ఒప్పుకున్న వాటా కంటే ఎక్కువ రాబట్టలేరు. కొత్త బాండ్లకు ఈ చట్టం వర్తించదు. న్యూయార్క్‌లో దీనికి సాటిగా చట్టం తేవాలన్నది జూబ్లీ యూఎస్‌ఏ ఏళ్ల తరబడి చేస్తున్న పని. నన్నడిగితే ఊరేగింపులన్నిటికంటే విలువైన పని ఇదే.

ఎదుటి వాదనలనూ తేలిగ్గా తీసేయలేం. వాయిదాకు దరఖాస్తు పెట్టినందుకే రేటింగులిచ్చే మూడీస్ సంస్థ 2020లో ఇథియోపియా, కామెరూన్, పాకిస్తాన్ లాంటి దేశాల రేటింగును సమీక్షలో పెట్టింది. ఆ భయంతోనే కెన్యా మొదట వద్దంది, 2021 జనవరిలో చేరింది. బ్యాంకులో ఓటీఎస్, అంటే తగ్గించిన మొత్తం ఒకేసారి కట్టే రాజీ, చేసుకున్నవాళ్లకు ఇది తెలుసు, అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ రికార్డులో 'సెటిల్డ్' అని పడితే తరువాతి అప్పు పుట్టడం కష్టం. పాలకులు తినేస్తారన్న మాట కూడా ఉత్తది కాదు. మొజాంబిక్‌లో 2013, 2014లలో పార్లమెంటుకు చెప్పకుండా తెచ్చిన సుమారు 200 కోట్ల డాలర్ల అప్పు 2016లో బయటపడింది. దీనికి మందు అప్పు ఒప్పందాలను తెచ్చిన రోజే బయట పెట్టడం. ఇచ్చినవాడు కూడా పార్లమెంటు ఆమోదం చూడకుండా ఇస్తే, ఆ బాకీని జనం నెత్తిన రుద్దే హక్కు అతనికి ఎందుకుండాలి?

పోప్ ఫ్రాన్సిస్ 2025ను జూబ్లీ సంవత్సరంగా ప్రకటించి అప్పుల రద్దును మళ్లీ అడిగారు. ఆ ఏప్రిల్‌లో ఆయన పోయారు. ఆయన కోరిక మేరకు ఆర్థికవేత్తలు జోసెఫ్ స్టిగ్లిట్జ్, మార్టిన్ గుజ్మన్ తయారుచేయించిన నివేదిక జూన్‌లో వచ్చింది. పేద, మధ్య ఆదాయ దేశాలు 2023లో విదేశీ అప్పులకు కట్టింది 1.4 లక్షల కోట్ల డాలర్లు, అప్పటిదాకా ఎన్నడూ లేనంత. అందులో వడ్డీయే 40,600 కోట్లు.

ఇప్పుడు ఉద్యమాలు అడుగుతున్నవాటిలో ఒకటి మన దగ్గర కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. రిజర్వు బ్యాంకు 2018 మార్గదర్శకాల ప్రకారం ప్రకృతి వైపరీత్యంగా ప్రకటించిన చోట పంట నష్టం 33 నుంచి 50 శాతం అయితే పంటరుణాన్ని రెండేళ్ల అప్పుగా, 50 శాతం పైన అయితే అయిదేళ్ల అప్పుగా మార్చాలి, రెంటిలోనూ మొదటి ఏడాది కట్టక్కరలేదు. దీనిలోనూ చిక్కులున్నాయి. మండలం కరువు జాబితాలో ఎక్కాలి. వైపరీత్యం వచ్చేనాటికే బాకీ గడువు దాటి ఉంటే ఈ వెసులుబాటు రాదు, అంటే అందరికంటే చితికినవాడే బయట ఉండిపోతాడు. అయినా రూలంటూ ఉంది, రైతు అడగొచ్చు. దేశాల అప్పుపత్రాల్లో ఇలాంటి షరతు మొన్నమొన్నటిదాకా అరుదు. బార్బడోస్ తన బాండ్లలో తుపాను షరతు పెట్టించుకుంది. ప్రపంచ బ్యాంకు 2023లో చిన్న దేశాలకు విపత్తు వస్తే రెండేళ్ల దాకా చెల్లింపు ఆపుకునే వీలు తెచ్చింది.

జాంబియాకు ఆ షరతు రాలేదు. 2024 ఫిబ్రవరి చివర్లో అక్కడ కరువును జాతీయ విపత్తుగా ప్రకటించారు, మొక్కజొన్న ఎండిపోయింది, కరీబా జలాశయం అడుగంటి కరెంటు పోయింది. ఆ తరువాతి నెలలోనే బాండుదారులతో ఒప్పందం ఖరారైంది. దేశం ఆర్థికంగా అనుకున్నదానికంటే బాగా కోలుకుంటే బాకీలో ఒక భాగాన్ని ఎక్కువ వడ్డీతో ముందుగా కట్టాలని అందులో రాశారు. అనుకున్నదానికంటే చితికిపోతే కంతు తగ్గాలని ఎక్కడా రాయలేదు.